కార్డు మూలన సెకన్లు

శనివారం ఉదయం పదీ అయిదుకి నత్త ఆ ఇంటి మెట్లెక్కింది. సాయంత్రం ఆరు లోపు ఒక మనిషిని వెతికి పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే ఆ మనిషి ఇక ప్రాణాలతో దొరకదని ఆమె మనసు పొద్దున్నుంచీ ఒకటే పోరుపెడుతోంది.

నత్త అన్నది ఆ ప్రైవేటు డిటెక్టివ్‌కి పోలీసులు తగిలించిన పేరు. వాళ్ళు అయిదు నిమిషాల్లో చూసి వచ్చేసే గదిలో ఆమె మూడు గంటలు పాకుతుంది కాబట్టి నత్త. ఆమె ఉడుక్కోలేదు సరికదా, ఫోనెత్తితే తనే "నత్తని, చెప్పండి" అనడం మొదలుపెట్టింది. దాంతో ఏడిపించేవాళ్ళ సరదా కాస్తా తీరిపోయింది.

తలుపు తీసింది డెబ్బై దాటిన పెద్దావిడ. తప్పిపోయిన మనిషికి అత్తగారు.

తప్పిపోయింది ప్రశ్నల పిన్ని. ప్రసార భవనంలో గేటు కాపలావాడి నుంచి పై అధికారి దాకా అందరూ ఆమెను పిలిచేది అలాగే. వారానికి మూడు క్విజ్‌లు: మంగళవారం ఉదయం రేడియోలో, గురువారం సాయంత్రం టీవీలో, శనివారం ఆరింటికి మళ్ళీ టీవీలో. మూడింటికీ ప్రశ్నలు రాసేది ఆవిడొక్కతే. పోయిన శుక్రవారం పని ముగించుకుని బయల్దేరిన మనిషి ఇల్లు చేరలేదు. సోమవారం భవనానికి ఆమె చేతిరాతతో ఓ ఉత్తరం వచ్చింది. అలసిపోయాననీ, కొన్నాళ్ళు ఎటైనా వెళ్తాననీ, ప్రశ్నలు మాత్రం పోస్టులో పంపుతాననీ. అన్నట్టే సీలు వేసిన కవర్లు వస్తున్నాయి. దాంతో పోలీసులు చేతులు దులుపుకున్నారు.

"కోడలు పారిపోయిందట!" అంది అత్తగారు, కుర్చీ చూపిస్తూ. "ఎవర్నుంచి పారిపోతుందమ్మా, నా నుంచా? నా కొడుకు పోయి ఆరేళ్ళయింది. వెళ్ళేదే అయితే అప్పుడే వెళ్ళేది. నేను కళ్ళలో చుక్కలు వేసుకునే వేళ దాటితే ఆఫీసు నుంచి ఫోన్ చేసి మరీ తిట్టే పిల్ల, చెప్పా పెట్టకుండా పోతుందా?"

"చివరిసారి మీతో ఏం మాట్లాడింది?"

"గురువారం అన్నం తింటూ చెప్పింది. ఎవరో పోటీలో ఉన్నవాడికి జవాబులు ముందే చేరిపోతున్నాయట. ఎవరు చేరవేస్తున్నారో తెలిసిపోయిందంది. ఒకసారి మంచిమాటగా చెప్పి చూస్తా, వినకపోతే పైవాళ్ళకి చెప్తా అంది. పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగి చావకపోయానే అని ఈ ఎనిమిది రోజులుగా తల బాదుకుంటున్నా."

నత్త ఓదార్చలేదు. ఓదార్చడానికి టైము లేదు. గోడవైపు చూసింది. వారం పొడుగునా ఏ రోజు ఏ క్విజ్జో, ఏ స్టేషనో, ఎన్ని గంటలకో రాసిన కాగితం రేడియో పైన అంటించి ఉంది. దాని పక్కనే మేకుకి లావుపాటి నోటు పుస్తకం వేలాడుతోంది.

"అది నాదే," అంది అత్తగారు. "కోడలు ప్రశ్నలు రాస్తుంది, నేను వింటాను. ఏ ప్రశ్న, ఎవరు చెప్పారు, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు, అన్నీ రాసుకుంటా. ఎనిమిదేళ్ళుగా ఒక్కటీ వదల్లేదు. నీకు కబురు చేసింది ఇందుకే. ఇటు చూడు."

ఆవిడ వేలు ఒక గీత దగ్గర ఆగింది.

"మంగళవారం రేడియో క్విజ్ రెండు నిమిషాల ముందే అయిపోయింది. ఏదో వాయిద్యం వేసి సరిపెట్టారు. గురువారం టీవీలో నాలుగు నిమిషాల ముందే అయిపోయింది. యాంకరు పాపం ఏం మాట్లాడాలో తెలీక మీ ఇంట్లో కుక్కపిల్ల ఉందా, దాని పేరేంటి అని అడిగాడు. ఎనిమిదేళ్ళలో అర నిమిషం తేడా వచ్చింది లేదు. నా కోడలి కార్డులకి అలా జరగదు."

"ఎందుకు జరగదు?"

"ప్రతి ప్రశ్న రాశాక పైకి చదివి, గడియారం చూసి, ఎన్ని సెకన్లు పట్టిందో కార్డు మూలన పెన్సిల్‌తో వేస్తుంది. కవరు ప్రోగ్రాంకి గంట ముందు గానీ తెరవరు కదా, ముందుగా ఎవరూ చదవకూడదు. ఆ మూల అంకెలు కూడుకుని ఎన్ని కార్డులు పడతాయో తేల్చుకుంటారు. సెకన్లు వెయ్యని కార్డు దానికి కార్డే కాదు. జ్వరంలో లేపి రాయమన్నా సెకన్లు వేసే ఇస్తుంది."

"ఆ గడియారం ఎక్కడుంది?"

అత్తగారు సొరుగు లాగింది. పట్టీ తెగిన చేతి గడియారం. ఆ శుక్రవారం కుట్టించమని ఇంట్లో వదిలి వెళ్ళిందట.

నత్త నోటు పుస్తకం సంచీలో వేసుకుని లేచింది. గుమ్మం దగ్గర పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇవాళ ఫైనలు. దీని తర్వాత మూడు నెలలు క్విజ్‌లు లేవు. అంటే దాని ప్రశ్నలు ఎవరికీ అక్కర్లేదు. నాకు చదువు పెద్దగా లేదు గానీ, ఆమాత్రం అర్థమవుతోందమ్మా."

నత్తకీ అదే అర్థమైంది. గబగబా మెట్లు దిగింది.

*

మధ్యాహ్నం రెండుకి ప్రసార భవనంలో చిన్న స్టూడియో. కార్డులు దాచేది అక్కడే. తలుపు జానెడు మందం, గోడలకు మెత్తలు. లోపల గడియ వేస్తే బయట ఎర్ర దీపం వెలుగుతుంది, ఇక ఎవరూ తలుపు తట్టరు.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే కుర్చీలో కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు. రెండేళ్ళ కిందట ఆయన మూసేసిన కేసు ఒకటి నత్త తెరిపించింది. అప్పట్నుంచి ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"రండి నత్తగారూ. ఇక్కడ గొంతు చించుకుని అరిచినా బయటికి వినపడదట. మీతో మాట్లాడాలంటే ఇంతకన్నా మంచి చోటు దొరకదు."

"మీరు అరవడానికి అలవాటు పడ్డారు, నేను వినడానికి. మంగళవారం కార్డులూ గురువారం కార్డులూ చూపించండి."

"ఏముంది చూడ్డానికి? చేతిరాత ఆవిడదే, నిపుణుడు తేల్చాడు. మనిషి బతికుంది, రాస్తోంది, పంపిస్తోంది. ఇంట్లో ముసలమ్మతో వేగలేక పోయిందేమో, మనకెందుకు?"

"ఆ మాట ఆ ముసలావిడ ఎదురుగా అనండి, చూద్దాం."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు. మూలన నిలబడి ఉన్న మనిషి ఇబ్బందిగా దగ్గాడు. ఆయన్ని అందరూ గంటాయన అంటారు. టైము అయిపోగానే గంట కొట్టే ఉద్యోగం, ఇరవై రెండేళ్ళుగా. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉంటాడు. గోడ మీద వారం మొత్తం కార్యక్రమాల పట్టిక ఆయన రాసిందే, ముత్యాల్లాంటి అంకెలతో.

"నేను తీసిస్తాను మేడమ్," అని బీరువా తెరిచి రెండు కట్టలు బల్ల మీద పెట్టాడు. ఒక్కోటి ముప్పై కార్డులు.

"మీరు చదవండి, యాంకరు చదివే వేగంతో. నేను సెకన్లు చూస్తాను," అంది నత్త, తన చేతి గడియారం విప్పుతూ.

"అది పనికిరాదు మేడమ్. ఇదిగో, నాది తీసుకోండి." గంటాయన మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. అది ఇవ్వడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

మంగళవారం కట్టలో మొదటి కార్డు చదివాడు. పన్నెండు సెకన్లు పట్టింది. మూలన అంకె పదహారు.

రెండోది తొమ్మిది సెకన్లు. మూలన పన్నెండు. మూడోది పదిహేను. మూలన ఇరవై.

"తప్పు లెక్క," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆవలిస్తూ.

"తప్పయితే ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా ఉండాలి. ఇది ప్రతిదానికీ ఒకే పాళ్ళలో ఎక్కువుంది. గురువారానివి చదవండి."

పన్నెండు సెకన్ల కార్డు మూలన ఇరవై. తొమ్మిది సెకన్ల కార్డు మూలన పదిహేను. నత్త పెన్సిల్ తీసి నోటు పుస్తకం అట్ట మీద లెక్క వేసింది. కట్టకి ముప్పై కార్డులు, సగటున పన్నెండు సెకన్లు. అంటే చదవడానికి ఆరు నిమిషాలు. మూలన అంకెలు కూడితే మంగళవారం ఎనిమిది, గురువారం పది. రెండు నిమిషాల తేడా, నాలుగు నిమిషాల తేడా. అత్తగారి పుస్తకం నిజమే చెప్పింది.

"ఆవిడ దగ్గర గడియారం లేదు," అంది. "మరి దేన్ని చూసి లెక్కపెడుతోంది? మంగళవారం నిమిషానికి ఎనభై సార్లు కొట్టే వస్తువు, గురువారం వంద సార్లు కొట్టింది. నిమిషానికి ఇన్నిసార్లని కొడుతూ, రెండు రోజుల్లో వేగం పెరిగే వస్తువు ఏముంటుంది?"

లోపల సిగ్నల్ రాదు కాబట్టి నత్త తలుపు తెరిచి, గుమ్మంలో నిలబడి పెద్దావిడకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"పెద్దమ్మగారూ, మీ కోడలి గడియారం ఎప్పుడైనా ఆగిపోయిందా? అప్పుడు సెకన్లు ఎలా చూసేది?"

"అయ్యో, ఎందుకాగలేదు! ఓసారి పొద్దున్నే ఆగిపోతే ఎడం చెయ్యి మెడ దగ్గర పెట్టుకుని, నోటితో చదువుతూ, కుడిచేత్తో చిత్తుకాగితం మీద గీతలు పెట్టింది. ఏంటే ఆ వేషం అన్నా. నా గుండె నిమిషానికి అరవై కొట్టుకుంటుందత్తయ్యా, అచ్చం సెకన్ల ముల్లే, డాక్టరు కూడా చెప్పాడు అంది. గోడ గడియారంతో సరిచూస్తే నిజంగానే సరిపోయింది. ఏమ్మా, ఎందుకడిగావ్?"

"సాయంత్రం చెప్తాను," అని నత్త ఫోను పెట్టేసింది.

అరవై కొట్టుకోవాల్సిన గుండె ఎనభై కొట్టుకుంటోంది. వంద కొట్టుకుంటోంది. ఆ సంగతి పాపం ఆ పిన్నికి తెలియదు. తన గుండె ఎప్పటిలా సెకన్లే చెబుతోందనుకుని కార్డు మూలన అంకె వేస్తోంది. ఏ గదిలో కూర్చుని, ఎవరి అడుగుల చప్పుడు వింటూ వేస్తోందో.

ఇన్‌స్పెక్టర్ కూడా కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. కానీ ఓడిపోవడం ఆయన వంటికి పడదు. "బాగుంది. రేపు కోర్టులో జడ్జిగారి మెడ పట్టుకుని చూపిస్తారా? వినండి. అయిదింటికి ఫైనల్ కవరు సాక్షుల ముందు తెరుస్తారు, నేనూ ఒక సాక్షిని. అందులో కూడా అంకెలు తప్పుంటే నేనే ప్రోగ్రాం ఆపించి ఊరంతా గాలిస్తా. సరిగ్గా ఉంటే ఫైలు మూసేస్తా, మీరు ఇంటికి పోవాలి. సరేనా?"

"సరే."

గంటాయన గోడ గడియారం చూసుకున్నాడు. "నేను గంట సరిచూసుకోవాలి సార్, పెద్ద స్టూడియోలో. స్టాప్‌వాచ్ మీ దగ్గరే ఉంచండి మేడమ్. ప్రోగ్రాం ముందొచ్చి తీసుకుంటా."

*

అయిదింటికి కవరు వచ్చింది. ఊళ్ళోనే పోస్టు చేసిన ముద్ర. లక్క సీలు చెక్కుచెదరలేదు. భవనం పై అధికారి కత్తెరతో అంచు కోసి, కార్డులు బల్ల మీద పెట్టి, ఫైనల్‌కి వచ్చిన పెద్దలను పలకరించడానికి వెళ్ళిపోయాడు.

"మొదలెట్టండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేనే చదువుతా."

పదిహేడు సెకన్లు పట్టింది. మూలన పదిహేడు.

తర్వాతది పన్నెండు. మూలన పన్నెండు. ఆ తర్వాతది పది. మూలన పది. అలా పదిహేను కార్డులు చదివించింది నత్త. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

"చూశారా?" ఇన్‌స్పెక్టర్ టోపీ అందుకున్నాడు. "మహాతల్లి ఎక్కడో గడియారం కొనుక్కుని హాయిగా కూర్చుంది. మన గుండెలే అనవసరంగా కొట్టుకున్నాయి. వస్తా నత్తగారూ. ఫైలు మీద సంతకం చేసి, ముందు వరసలో కూర్చుని ఫైనల్ చూస్తా. మీరూ రండి, పక్కన చోటు ఉంచుతా."

ఆయన వెళ్ళాడు. నత్త కదల్లేదు.

రెండు రోజుల్లో గడియారం దొరికిందా? దొరికితే మంచిదే. అయినా నమ్మకం కుదరక మొదటి కార్డు మళ్ళీ తీసుకుంది. మూలన కాగితం కొంచెం గరుగ్గా, పలచబడినట్టు ఉంది. రబ్బరు పెట్టి తుడిచినచోట ఉండే గరుకు. కార్డుని బల్లదీపం పక్కన ఏటవాలుగా పట్టుకుంది.

పదిహేడు కింద లోతుగా నొక్కుకుపోయిన గీతలు కనిపించాయి. ముప్పై నాలుగు.

రెండో కార్డు: పన్నెండు కింద ఇరవై నాలుగు. మూడోది: పది కింద ఇరవై. నిమిషానికి నూట ఇరవై. పిన్ని గుండె రెట్టింపు వేగంతో కొట్టుకుంటోంది. ఆమె వేసిన అంకెలు ఎవరో చెరిపి, సరైన సెకన్లు వేసి, ఆ తర్వాతే కవరు సీలు చేశారు.

ఎవరు? జవాబులు చేరవేస్తూ ఆమెకు దొరికిపోయి, ఆమెనే ఎత్తుకుపోయినవాడికి ప్రశ్నలు కావాలి, సెకన్లతో పనేంటి? ఆ మూల అంకెలు తప్పుంటే ఎవడికి నిద్ర పట్టదు? గురువారం నాలుగు నిమిషాలు ఖాళీ వస్తే ఎవడి తల కొట్టేసినట్టవుతుంది? ముప్పై కార్డుల్నీ కూర్చుని, స్టాప్‌వాచ్ పెట్టుకుని, చదివి, దిద్దే ఓపిక ఎవడికుంది?

పదిహేడులో ఏడు అంకెకి నడుమ అడ్డంగా చిన్న గీత ఉంది. మంగళ, గురువారాల కార్డుల్లో పిన్ని వేసిన ఏడు అంకెకి ఆ గీత లేదు. నత్త మెల్లగా తలెత్తి గోడ వైపు చూసింది. వారం పట్టికలో ఉదయం ఏడు, సాయంత్రం ఏడూ ముప్పై, ప్రతి ఏడుకీ నడుమ అదే గీత.

పిన్ని గుండె సంగతి మధ్యాహ్నం తను విప్పి చెప్పింది ఆయన ఎదుటే. అత్తగారితో ఫోన్లో మాట్లాడింది ఆయన వింటుండగానే. ఇప్పుడు మెడలో వేసుకున్న ఈ స్టాప్‌వాచ్ కూడా ఆయనదే.

ఫోను తీసింది. ఈ గదిలో సిగ్నల్ రాదు. లేచి పరిగెత్తాలనుకుంది. కానీ చేతిలో ఇంకా చూడనివి కొన్ని కార్డులున్నాయి, చూడకుండా పోవడం ఆమె వల్ల కాలేదు. గబగబా తిప్పింది. పైన వరసగా పన్నెండే, అడుగున మాత్రం ఇరవై నాలుగు. ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది. పోనుపోను గుండె ఇంకా జోరందుకుంటోంది. అక్షరాలు వంకర పోతున్నాయి. చివరి కార్డులో వాక్యం గీత తప్పి కిందికి జారిపోయింది. మూలన మాత్రం ముత్యంలాంటి పన్నెండు.

దీపం దగ్గర పట్టుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. గోటితో తడిమింది. రబ్బరు గరుకు లేదు, అడుగున నొక్కు లేదు. కాగితం కొత్తదానిలా నున్నగా ఉంది.

వెనకాల తలుపు మూసుకున్న చప్పుడు అయింది. గడియ పడింది.

"అయిదూ ఇరవై అయింది మేడమ్," అన్నాడు గంటాయన. "స్టాప్‌వాచ్ కోసం వచ్చా."

ఇస్త్రీ మడత నలగలేదు. చేతులు కట్టుకుని తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. బయట ఎర్ర దీపం వెలిగి ఉంటుంది, ఇక ఎవరూ తట్టరు. నత్త మామూలుగానే అడిగింది.

"ఇస్తాను. ముందు ఈ చివరి కార్డు సరిపోయిందో లేదో చెప్పండి. దీన్ని మేం చదవలేదు."

ఆయన దగ్గరికి రాలేదు, కార్డు వైపు చూడనూ లేదు. "పన్నెండే. రెండుసార్లు చూశాను."

అన్నాక ఆగిపోయాడు.

"కవరు తెరిచి ఇరవై నిమిషాలు," అంది నత్త. "అప్పట్నుంచి మీరీ గదిలోకి రాలేదు. ఎప్పుడు చూశారు?"

గంటాయన నెమ్మదిగా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. పారిపోయే మనిషిలా లేడు. నొచ్చుకున్న మనిషిలా ఉన్నాడు.

"గురువారం నాలుగు నిమిషాల ఖాళీ వచ్చింది మేడమ్. ఇరవై రెండేళ్ళలో నన్నెవరూ ఒక మాట అనలేదు. ఆ రోజు అందరి ముందూ నీకు టైము చూడ్డం కూడా రాదా అన్నారు. ఫైనల్లో కూడా అలా కానిస్తానా?"

"ఆవిడెక్కడుంది?"

"ప్రోగ్రాం అవనివ్వండి."

"అయ్యాక ఆవిడతో మీకేం పని? ఇప్పుడే చెప్పండి, ఇంకా చెయ్యి దాటిపోలేదు. ఇంట్లో ఆ పెద్దావిడ టీవీ ముందు కూర్చుని ఎదురుచూస్తోంది."

ఆయన స్టాప్‌వాచ్ కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అస్సలు వణకడం లేదు.

నత్త చివరి కార్డుని ఆయన ముందు పెట్టింది. "అన్నిటి మీదా ఆవిడ వేసిన అంకె చెరిపి మీది వేశారు. దీని మీద చెరిపిన గుర్తే లేదు. ఎందుకు?"

గంటాయన ఆ కార్డు వైపు చూసి, పని సగంలో వదిలేసిన మనిషి మీద విసుక్కున్నట్టు చిన్నగా నాలుక చప్పరించాడు.

"చివరిదానికి ఆవిడ వెయ్యలేదు మేడమ్. నేనే వెయ్యాల్సొచ్చింది."